కొలెస్ట్రాల్ తగ్గడానికి జెల్లీ: అగర్, ఇసబ్‌గోల్, కొంజాక్... వీటిలో ఏది నిజంగా పనిచేస్తుంది?

పొద్దుతిరుగుడు:

అందరికీ నమస్కారం. మావారికి 52 ఏళ్లు. ఈమధ్య చేయించిన రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158 వచ్చింది. షుగర్ లేదు, బీపీ మామూలే, సిగరెట్ అలవాటు లేదు. డాక్టరుగారు వెంటనే మాత్ర రాయకుండా "మూడు నెలలు తిండి మార్చి చూద్దాం, కరిగే పీచు బాగా పెంచండి" అని పంపించారు. బయట అంతమంది కూర్చుని ఉంటే ఆయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పించుకోలేం కదా.

ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకటే మాట. జెల్‌గా మారే పదార్థాలు కొలెస్ట్రాల్‌ని పట్టుకుని బయటికి పంపేస్తాయట. ఒకరు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అంటారు, ఒకరు పండ్లలో ఉండే పెక్టిన్ అంటారు. మా ఆడపడుచు కొంజాక్ అనే దుంప పొడితో చేసిన జెల్లీ కప్పులు తెప్పించుకోమంటోంది. మా అబ్బాయి అయితే "జెలటిన్ కూడా జెల్లే కదమ్మా, అది పెట్టు" అంటాడు.

అసలు సమస్య ఏంటంటే మావారికి జారుడుగా ఉండేది ఏదీ గొంతు దిగదు. ఇసబ్‌గోల్ కలిపిన గ్లాసు చూస్తేనే మొహం తిప్పేసుకుంటారు. అదే గట్టిగా గడ్డకట్టిన జెల్లీ ముక్కలైతే ఎన్ని పెట్టినా తింటారు. అందుకని అడుగుతున్నాను. జెల్లీగా చేసి పెడితే అదే ఫలితం ఉంటుందా? రోజుకి ఎంత తినాలి? 158 ఎంతకి దిగుతుందని ఆశపడొచ్చు?

నడకరాయుడు:

ఎక్కువ ఆలోచించకండి అమ్మా. ఇసబ్‌గోల్ పొట్టు, గ్లాసు నిండా నీళ్లు, అంతే. నాకు బాగానే తగ్గింది. కాకపోతే అదే సమయంలో నడక మొదలుపెట్టాను, వెన్న, వేపుళ్లు మానేశాను. దేని వాటా ఎంతో నన్ను అడగొద్దు.

జిగురు_మాస్టారు:

పొద్దుతిరుగుడు గారూ, నేను డాక్టర్ని కాదు. తినే వస్తువులు తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో గమ్‌లతో, అంటే చిక్కబరిచే జిగురు పదార్థాలతో, పని చేస్తాను. సాస్ నీళ్లోడకూడదు, ఐస్‌క్రీమ్‌లో ఐసు పలుకులు తగలకూడదు, జెల్లీ ప్యాకెట్‌లో చెదరకూడదు. వీటికోసం మీరు రాసిన పదార్థాలన్నీ నా చేతుల మీదుగా వెళ్తూనే ఉంటాయి. అందుకే ఈ "జెల్ తింటే కొలెస్ట్రాల్ పోతుంది" అనే మాట ఎక్కడ కనపడినా ఆగి జవాబు రాస్తాను. అందులో సగమే నిజం.

ప్లేటులో కనపడే జెల్ వేరు, పేగులో తయారయ్యే చిక్కదనం వేరు. ఎల్‌డీఎల్‌కి పనికొచ్చేది రెండోదే.

ఎందుకో చెబుతాను. ఈ పీచులు ప్రధానంగా అడ్డుపడేది కొలెస్ట్రాల్‌కి కాదు, పైత్యరసంలోని ఆమ్లాలకి. కాలేయం వాటిని కొలెస్ట్రాల్ నుంచే తయారుచేస్తుంది. అవి పేగులోకి దిగి, కొవ్వును అరిగించి, చిన్నపేగు చివరికి చేరేసరికి పేగు వాటిలో 95 శాతం దాకా మళ్లీ పీల్చుకుని కాలేయానికి పంపేస్తుంది. అదే సరుకు రోజులో చాలాసార్లు తిరుగుతుంది, ఏమాత్రం వృథా పోదు. ఇప్పుడు పేగులోని ద్రవం బాగా చిక్కబడిందనుకోండి. కిక్కిరిసిన బస్సులో వెనక నిలబడ్డవాడు స్టాప్ వచ్చినా తలుపు దాకా రాలేనట్టు, ఆ ఆమ్లాల్లో కొన్ని పేగు గోడ దాకా చేరలేక మలంలో పోతాయి. లోటు పూడ్చడానికి కాలేయం కొత్తవి చేయాలి. దానికి ముడిసరుకు కొలెస్ట్రాల్ కాబట్టి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా లాక్కుంటుంది. కొలెస్టిరమైన్ అనే పాత మందు కూడా పైత్యరస ఆమ్లాలనే పట్టి ఉంచుతుంది. అది విద్యుదావేశంతో పట్టుకుంటుంది, ఈ పీచులు ఎక్కువగా చిక్కదనంతో అడ్డుపడతాయి, అదీ తేడా.

ఇది అర్థమైతే మీ జాబితా దానంతటదే తేలిపోతుంది.

అగర్ సంగతి. ఒకసారి గడ్డకట్టిన అగర్ మళ్లీ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి. మన ఒంట్లో ఉండేది 37. మీవారు ముక్క నమిలి మింగితే అది చిన్న చిన్న ముక్కలుగానే కిందికి పోతుంది, చుట్టూ ఉన్న ద్రవం పలచగానే ఉంటుంది. నష్టం లేదు, చక్కెర లేకుండా చేస్తే మంచి చిరుతిండే. ఎల్‌డీఎల్ మీద మాత్రం ఆశ వద్దు.

జెలటిన్ అసలు పీచే కాదు, ప్రోటీన్. నోట్లోనే కరుగుతుంది, కడుపులో అరిగిపోతుంది, పేగు దాకా జెల్‌గా వెళ్లదు. మీ అబ్బాయికి చెప్పండి, జెల్ అయినంత మాత్రాన అన్నీ ఒక జాతి కావు.

పెక్టిన్ పనిచేస్తుంది. రోజుకి 6 గ్రాములు తీసుకుంటే కొలెస్ట్రాల్‌ని మామూలు స్థాయిలో ఉంచడానికి తోడ్పడుతుందని చెప్పుకోవడానికి యూరప్‌లో అనుమతి ఉంది. కానీ అది జామ్‌లో దొరుకుతుందని మొదలుపెడితే మునిగిపోతాం. జామ్‌లో పెక్టిన్ మహా అయితే ఒక శాతం ఉంటుంది. 6 గ్రాముల కోసం అరకిలో పైన జామ్ తినాలి, అందులో సగానికి పైగా చక్కెరే.

కొంజాక్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దీని పేరుతోనే ఎక్కువ అమ్ముతున్నారు. అందులోని గ్లూకోమన్నన్ అనే పీచు నేను చూసినవాటిలో అతి చిక్కటి సరుకుల్లో ఒకటి. ఒక శాతం కలిపినా గరిట తిప్పడం కష్టం. యూరప్ అనుమతిలో దీనికి రోజుకి 4 గ్రాములు అని ఉంది. అయితే అది పొడిగా, నీళ్లు పీల్చుకునే స్థితిలో ఉన్నప్పటి మాట. నూడుల్స్‌గా, గట్టి దిమ్మలుగా అమ్మేదాన్ని సున్నంతో గట్టిపరుస్తారు. అలా గట్టిపడింది మరిగించినా కరగదు. అంటే మళ్లీ అగర్ కథే. ఇక జెల్లీ కప్పుల్లో కొంజాక్ ఎంతుందో లేబుల్ మీద చూడండి. కప్పు ఆకారం నిలవడానికి కావలసినంతే వేస్తారు, 4 గ్రాములు వేసి ఎవరూ తయారుచేయరు. పైగా ఆ చిన్న కప్పుల్లోంచి ఒక్కసారిగా నోట్లోకి పీల్చుకునే జెల్లీ గొంతుకి అడ్డంపడి పిల్లలు చనిపోయిన సంఘటనలున్నాయి. 2002లో యూరప్‌లో జెల్లీ మిఠాయిల్లో కొంజాక్ వాడకాన్ని ఆపేశారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ కప్పులు తేనే వద్దు.

గ్వార్ గమ్, అంటే గోరుచిక్కుడు గింజల జిగురు, రోజుకి 10 గ్రాములు కావాలి. 10 గ్రాముల గ్వార్ మింగడమంటే మీవారు ఇల్లు వదిలి వెళ్లిపోతారు. దీన్ని ఎంజైమ్‌తో ముక్కలు చేసి "రుచి తెలియదు, నీళ్లలో కనపడదు" అని అమ్ముతారు. తాగడానికి సుఖమే. కానీ ఈ పీచుల అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి, ఆ గొలుసులు తెగ్గొట్టాక చిక్కదనం పోతుంది, దాంతో మనక్కావలసిన పనీ పోతుంది. ఇనులిన్, గోధుమ డెక్స్‌ట్రిన్ కూడా ఇంతే. కరిగే పీచులే, మలబద్ధకానికో పేగులోని మంచి బాక్టీరియాకో పనికిరావచ్చు, చిక్కబడవు కాబట్టి ఎల్‌డీఎల్ కదలదు. డబ్బా మీద "కరిగే పీచు" అని ఉంటే చాలదని చెప్పడానికే ఇంత రాశాను. గోధుమ పొట్టు అసలు కరగదు, దానికి ఈ పనే తెలియదు.

మిగిలినవి రెండు: ఓట్స్, బార్లీల్లోని బీటా గ్లూకాన్ ఒకటి, ఇసబ్‌గోల్ ఒకటి. నా ఓటు ఈ రెంటికే. బీటా గ్లూకాన్ రోజుకి 3 గ్రాములు కావాలి. అమెరికాలో ఆహారాన్నీ మందులనీ నియంత్రించే ఎఫ్‌డీఏ, గుండెజబ్బు ముప్పు తగ్గించవచ్చన్న మాటని 1997లోనే ఓట్స్ డబ్బాల మీద రాసుకోనిచ్చింది. 1998లో ఇసబ్‌గోల్‌కి ఇచ్చింది, దాని లెక్క రోజుకి 7 గ్రాముల కరిగే పీచు, అంటే సుమారు 10 గ్రాముల పొట్టు. ఓట్స్ అయితే పొడిగా తూచి 70–75 గ్రాములు ఉండాలి. ఒక చిన్న కప్పు తినేసి గుండె భద్రం అనుకుంటే కుదరదు.

బీటా గ్లూకాన్ మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం, అచ్చం మా ల్యాబ్ భాషలో ఉంటుంది. ఓట్స్ పీచునే పొడవాటి గొలుసులతో కొందరికి, బాగా తెగిపోయిన గొలుసులతో కొందరికి పెట్టారు. పొడవాటివి తిన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 5 శాతం దాకా తగ్గింది. గొలుసులు తెగి అణుభారం రెండు లక్షలకు పడిపోయిన పీచు తిన్నవాళ్లకి అందులో సగం కూడా సరిగ్గా రాలేదు. గ్రాములు దాదాపు అవే, లేబుల్ మీద తేడా కనపడదు.

మీ చివరి ప్రశ్నకి జవాబు: సరైన పీచు సరైన మోతాదులో తింటే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం. మీవారి 158 మీద 8 నుంచి 16 పాయింట్లు. అంటే 142–150 మధ్య ఎక్కడో. వెన్న, క్రీమ్, కొవ్వు మాంసం తగ్గిస్తే వచ్చేది దానికి అదనం. 158 నుంచి 100కి దించే జెల్లీ ఉందని ఎవరైనా అమ్మితే తలుపు వేసేయండి.

జారుడు పడనివాళ్లకి నా సలహా బార్లీ. గింజ మెత్తగా ఉడికించి కూరగాయల సూప్‌లో వేస్తే పంటికి గింజే తగులుతుంది, చిక్కదనం సూప్‌దే అనుకుంటారు. ఉడికించిన నీళ్లు మాత్రం పారబోయకండి, కరిగిన పీచంతా వాటిలోనే ఉంటుంది.

పొద్దుతిరుగుడు:

మాస్టారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు ధన్యవాదాలు. అగర్ కోసం సామాను తెప్పించబోతున్నాను, ఆపేశాను. ఇంకో రెండు సందేహాలు. ఇసబ్‌గోల్ క్యాప్సూళ్లు దొరుకుతున్నాయి కదా, జారుడు గొడవే ఉండదు, అవి మింగితే చాలదా? రెండోది, పిండిలో కలిపి బ్రెడ్ కాల్చుకుంటే? మావారు పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు, దానికేమైనా ఇబ్బందా?

మందుల_అర:

మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేదాన్ని కాబట్టి ఈ థైరాయిడ్ ప్రశ్న నేను అందుకుంటాను.

అమ్మా, ఇబ్బందే. ఆ థైరాయిడ్ మాత్ర, అంటే లీవోథైరాక్సిన్, పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, పీచు పొడికీ దానికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. పొద్దున మాత్ర వేసుకుంటే ఇసబ్‌గోల్ మధ్యాహ్నం భోజనం ముందో రాత్రి భోజనం ముందో పెట్టండి. పేగులో జెల్ మందునీ చుట్టేసుకుంటుంది, పైత్యరసం వేరు, మాత్ర వేరు అని దానికి తెలియదు. మోతాదు మార్చకుండానే థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ పెరిగిందని వచ్చినవాళ్లని నేను ముందు అడిగేది "కొత్తగా కాల్షియం, ఐరన్, పీచు పొడి ఏమైనా మొదలుపెట్టారా" అనే. లిథియం, కార్బమాజెపిన్, డిగాక్సిన్, వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. షుగర్‌కి ఇన్సులినో, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో వాడేవాళ్లయితే చక్కెర కిందికి పడిపోతుందేమో చూసుకోవాలి, ఈ జెల్ చక్కెర రక్తంలో కలిసే వేగాన్నీ తగ్గిస్తుంది. మిగతా మందులకి కనీసం రెండు గంటలు.

క్యాప్సూల్ విషయం. ఒక్కో దాంట్లో పట్టేది అరగ్రాము పొట్టు. 10 గ్రాములు కావాలంటే రోజుకి 20 మింగాలి. అది కుదిరే పనేనా?

ఇంకో మాట, ఇది టెన్షన్ పెట్టడానికి కాదు. పొడి గొంతులో ఉండగానే ఉబ్బితే ప్రమాదం. గ్లూకోమన్నన్ మాత్రలు అన్నవాహికలో ఉబ్బి అడ్డంపడుతున్నాయని 1980ల్లో ఆస్ట్రేలియా వాటిని నిషేధించింది. 1990లో అమెరికాలో గ్వార్ గమ్ మాత్రలకీ అదే గతి పట్టింది. ప్రతి మోతాదుకి 240 మిల్లీలీటర్ల నీళ్లు, కూర్చుని లేదా నిలబడి, కలిపిన వెంటనే తాగాలి. పడుకునే ముందు మంచం మీద వద్దు. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు, పేగులో అడ్డంకి వచ్చినవాళ్లు దీని జోలికే పోకూడదు. నడకరాయుడు గారు గ్లాసు నిండా నీళ్లు అన్నారు చూడండి, ఆ సలహాలో అసలు ముక్క అదే.

లిపిడ్_లెక్క:

8 నుంచి 16 పాయింట్ల కోసం ఇంత హైరానా ఎందుకో నాకర్థం కాదు. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర మామూలు మోతాదుతోనే 30 శాతం పైగా తగ్గుతుంది. రోజుకొక మాత్ర, అయిపోతుంది. "సహజం" అనే మాట వినగానే జనం మాత్రకి దూరం జరుగుతారు, అదే నా భయం.

జిగురు_మాస్టారు:

లిపిడ్_లెక్క గారూ, మీ భయం న్యాయమైనదే. ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు, ఇంతకు ముందు గుండెపోటు వచ్చినవాళ్లు, కుటుంబంలో చిన్నవయసులోనే గుండెజబ్బులున్నవాళ్లు పీచుతో కాలక్షేపం చేయకూడదు. డాక్టరు మాత్ర ఇస్తే వేసుకోవాలి, మారు మాట లేదు.

కానీ ఇక్కడ డాక్టరుగారే మూడు నెలలు ఇచ్చారు కదా. పైగా పీచు మాత్రకి పోటీ కాదు. 2005లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 10 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్‌తో పాటు రోజుకి 15 గ్రాముల ఇసబ్‌గోల్ తీసుకున్నవాళ్లకి, 20 మిల్లీగ్రాములు ఒక్కటే తీసుకున్నవాళ్లతో సమానంగా ఎల్‌డీఎల్ తగ్గింది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా వచ్చేది 6 శాతం దగ్గర్లోనే ఉంటుందని మీకు నాకంటే బాగా తెలుసు. ఆ 6 శాతమే పొట్టు ఇవ్వగలిగితే, రేపు మాత్ర మొదలుపెట్టినా పొట్టు ఆపక్కర్లేదు. ఇంకొకటి, 2003లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఈ జిగురు పీచులకి సోయా ప్రోటీన్, బాదం, మొక్కల స్టెరాల్స్ కలిపి పెడితే నెలలో ఎల్‌డీఎల్ 28.6 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో 20 మిల్లీగ్రాముల లోవాస్టాటిన్ ఇచ్చినవాళ్లకి తగ్గింది 30.9. భోజనమంతా వాళ్లే కొలిచి ఇచ్చారు, ఇంట్లో అంత నిక్కచ్చిగా కుదరదని ఒప్పుకుంటాను. ఒక్కొక్కటీ చిన్నదే, కలిస్తే చిన్నది కాదు.

ఇక బ్రెడ్ సంగతి, పొద్దుతిరుగుడు గారూ. ఓట్స్ గానీ బార్లీ గానీ గోధుమపిండితో కలిపి గంటల తరబడి పులియబెడితే పిండిలో ఉండే ఎంజైములు ఆ పొడవాటి గొలుసుల్ని కోసేస్తాయి. కాల్చేసరికి లేబుల్ మీద 3 గ్రాములు అలాగే ఉంటాయి, చిక్కదనం సగం ఉండదు. ఇసబ్‌గోల్ ఆ విషయంలో మొండిది, ఎంజైములకి అంత తేలిగ్గా లొంగదు. పెద్దపేగు బాక్టీరియా కూడా దాన్ని పెద్దగా పులియబెట్టలేదు, అందుకే మిగతావాటంత గ్యాస్ రాదు. కానీ రొట్టెలో 10 గ్రాముల పొట్టు అంటే పిండి జిగటగా తయారై లోపల పచ్చిగా మిగిలిపోతుంది. సగం మధ్యాహ్నం సూప్‌లో బార్లీగా, సగం రాత్రి పొట్టుగా విడగొట్టండి.

పొట్టు తాగించడానికి మా ల్యాబ్ చిట్కా ఒకటుంది. గోరువెచ్చని నీళ్లలో కలిపితే త్వరగా ఉబ్బుతుంది, బాగా చల్లటి నీళ్లలో ఆలస్యమవుతుంది. గ్లాసులో ఫ్రిజ్ నీళ్లు ముందు పోసి, పొట్టు పైన చల్లి, రెండు తిప్పులు తిప్పి ఇవ్వండి. జారుడు మొదలయ్యేలోపు గ్లాసు ఖాళీ అవుతుంది. ముందు 3 గ్రాములతో మొదలుపెట్టి వారం వారం పెంచండి, లేకపోతే కడుపుబ్బరం వచ్చి మొదటి వారంలోనే మానేస్తారు.

పొద్దుతిరుగుడు:

చల్లటి నీళ్ల ఉపాయం ఈ పూటే చూశాను. మొహం చిట్లించారు గానీ తాగేశారు. బార్లీ సూప్‌కైతే రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారు. థైరాయిడ్ మాత్ర పొద్దున, పొట్టు రాత్రి భోజనానికి ముందు అని ఫ్రిజ్ మీద రాసి అంటించాను. మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించాలి? మూడు నెలలూ ఆగాలా?

మందుల_అర:

పూర్తి మోతాదుకి చేరాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి తేడా తెలుస్తుంది. మీ డాక్టరుగారు మూడు నెలలన్నారు కాబట్టి అప్పుడే చేయించండి, మొదటిసారి చేసిన ల్యాబ్‌లోనే, ఈ మధ్యలో జ్వరం లాంటిది రాకుండా ఉన్నప్పుడు. రిపోర్టుతో పాటు రోజూ ఎంత పొట్టు, ఎంత బార్లీ తిన్నారో కూడా చెప్పండి. టీఎస్‌హెచ్ కూడా అదే రక్తంతో చూడమని అడగండి.